గోడ మీద ఎర్ర వెలుగు

పోయిన ఆదివారం అతని తోడల్లుడు తన కారు బ్రేక్ ప్యాడ్లు తనే మార్చుకున్నాడు. అప్పట్నుంచీ ఇంట్లో భార్య నోట ఒకటే పాట: "మా మరిదిగారికి రాని పనంటూ లేదండీ." వినీ వినీ అతనికి ఒళ్లు మండిపోయింది. ఈ ఆదివారం చీకటి పడుతుండగా ఇంటి ముందు తన కారుని జాకీ మీద లేపి, ముందు చక్రం ఊడదీసి కూర్చున్నాడు.

పాత ప్యాడ్లు తేలిగ్గానే వచ్చేశాయి. కొత్తవి పట్టాలంటే, బ్రేకు తొక్కినప్పుడు ప్యాడ్లని నొక్కే పిస్టన్‌ని లోపలికి నెట్టాలి. క్లాంపు బిగించి, చెమటలు కక్కుతూ నెట్టాడు. కొత్త ప్యాడు అందుకుని తిరిగేసరికి పిస్టన్ మళ్లీ బయటికొచ్చి ఉంది. ఇంకోసారి నెట్టాడు. ఇంకోసారి వచ్చింది. వచ్చినప్పుడల్లా కారులో ఏదో కిర్రుమంటోంది. కారు వెనకున్న గోడ ఎర్రగా వెలిగి ఆరుతోంది.

పళ్లు నూరుకుంటూ తోడల్లుడికే ఫోన్ చేశాడు.

"ఏముందన్నయ్యా, లోపలెవరో బ్రేకు తొక్కుతున్నారు," అటునుంచి నవ్వు. "తొక్కొద్దని చెప్పండి."

"లోపలెవరూ లేరు."

నవ్వు ఆగిపోయింది. గోడ మళ్లీ ఎర్రబడింది. ఈసారి ఆరలేదు.

మేడ మీద కిటికీ తెరుచుకుంది. భార్య అక్కణ్ణుంచే కారు ముందద్దంలోకి తొంగిచూసింది.

"హమ్మయ్య! మొత్తానికి మరిదిగారిని పిలిచారన్నమాట. స్టీరింగ్ ముందు ఎంత దర్జాగా కూర్చున్నారో చూడండి!"

అతనికి ముందు కడుపు మండింది. ఆ తర్వాతే, చెవి దగ్గర ఫోన్లో తోడల్లుడు ఇంకా "అన్నయ్యా, అన్నయ్యా" అంటూనే ఉన్నాడని తెలిసింది.