కాయ లేచిన చోటు

"నాతోని కాదు సార్. ఆ పని ఇడిసిపెట్టిన," అన్నాడు సుభాన్.

వాచ్‌మన్ నోట కాదనే మాట వినడం దేవానందం గారికి అదే మొదటిసారి. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, ఇప్పుడు అపార్ట్‌మెంటు సంఘానికి సెక్రటరీ. కాదంటే ఊరుకునే రకం కాదు.

ఏ.ఎస్. రావు నగర్‌లోని ఆ అపార్ట్‌మెంటుకు ఏ ముహూర్తాన పెట్టారో గానీ గంగోత్రి అని పేరు. ఆ వేసవిలో అందులో చుక్క నీరు లేదు. ఒక బోరు ఇంజినీరు చెప్పిన చోట వేశారు. ఇంకోటి వాస్తు సిద్ధాంతి చెప్పిన చోట వేశారు. రెండింట్లోనూ దుమ్మే లేచింది. ఆ ఇద్దరూ ఒక్కమాట మీద ఉండటం అందరూ అప్పుడే చూశారు.

అటు ప్రభుత్వం మబ్బుల మీద మందు చల్లమని విమానాలు పంపుతోంది. మబ్బులు మర్యాదగా విమానానికి దారి వదిలి పక్కకు తప్పుకుంటున్నాయి.

"మీ ఊరి వైపు బోరు పాయింటు చూడాలంటే నిన్నే పిలిచేవారటగా? మాబూబీ మా ఆవిడతో చెప్పిందిలే," అన్నారు దేవానందం. "ఇలాంటివి మా విశ్వాసానికి పడవనుకో. అయినా మోషే కర్రతో కొడితే బండలోంచి నీళ్లు రాలేదూ? కర్రయితేనేం, కాయయితేనేం!"

సుభాన్ భార్య వంక చూశాడు. మాబూబీ తల ఎత్తకుండా గిన్నెలు తోముతోంది.

ఆమె చెప్పింది అబద్ధం కాదు. సిద్దిపేట అవతలి పల్లెల్లో సుభాన్‌ది పెద్ద పేరు. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని, బిస్మిల్లా అనుకుని, చెప్పుల్లేకుండా చేనంతా నడిచేవాడు. అడుగున జలం ఉన్న చోట కాయ లేచి నిలబడేది. నీళ్లు పడితే సుభాన్ చెయ్యి గొప్పదన్నారు. పడకపోతే రైతు నసీబు అన్నారు.

ఒక్కగానొక్క కొడుకు రహమాన్ చేలో మాత్రం పడలేదు. కాయ లేచిన చోటల్లా బోరు వేశాడు వాడు. "మా అబ్బా చెయ్యి తప్పదు," అని ఊరందరితో అంటూ మళ్లీ వేశాడు. చివరికి పత్తి కోసం తెచ్చిన పురుగుల మందు తనే తాగాడు. విచారణకు వచ్చిన అధికారులు కడుపునొప్పి అని రాసుకుని, చాయ్ తాగి వెళ్లారు.

ఊరు వదిలి ఈ మెట్ల కింది గదికి వచ్చాక కూడా సుభాన్ సరిగా తిన్నది లేదు. ముద్ద నోటి దాకా తెచ్చుకుని, అరచెయ్యి చూసుకుని, మళ్లీ పళ్లెంలో వదిలేస్తాడు. బిడ్డను చంపిన చెయ్యి అంటాడు. మాబూబీ అది చూడలేకపోయింది. అందుకే నోరు జారినట్టుగా దేవానందం గారింట్లో ఆ మాట వేసింది. ఇక్కడ నీళ్లు పడితే ఆ చేతిలో తప్పు లేదని తేలిపోతుంది. కొడుకు ఎలాగూ తిరిగి రాడు. మొగుడైనా దక్కుతాడని ఆమె ఆశ.

"పడకపోతే?" అన్నాడు సుభాన్ గదిలోకి వచ్చి.

"ఎందుకు పడయి? జెర ఒక్కసారి పట్టు. నా కోసం పట్టు."

మర్నాడు పొద్దున్నే అపార్ట్‌మెంటంతా బాల్కనీల్లోకి వచ్చింది. సుభాన్ చెప్పులు విడిచి, కాయ చేతిలో పెట్టుకుని నడిచాడు. పార్కింగు చుట్టూ తిరిగాడు. జనరేటరు గది వెనక్కి వెళ్లాడు. కాయలో చలనం లేదు.

"చట్నీ చేసుకున్నా పోయేది," అన్నారెవరో పైనుంచి. నవ్వులు వినబడ్డాయి.

మాబూబీ గేటు దగ్గర నిలబడి ఉంది. కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లు ఆ చేతి మీదే పెట్టుకుని చూస్తోంది. సుభాన్ తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. చాలాసేపు అలా చూసి, మెల్లగా గేటు వైపు నడిచాడు.

అతను ఆమె ఎదుటికి రాగానే కాయ లేచి నిలబడింది.

ఆ మర్నాడు బోరు బండి వచ్చింది. మధ్యాహ్నం దాకా దుమ్మే. దేవానందం గారు జేబురుమాలు ముక్కుకు కట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. అన్నాలవేళ దాటాక దుమ్ము తడిసింది. తడి బురదయింది. ఆ తర్వాత ఒక్కసారిగా నీళ్లు రెండో అంతస్తు దాకా ఎగజిమ్మాయి.

"స్తోత్రం! స్తోత్రం!" అంటూ దేవానందం గారు తెల్లచొక్కాతోనే తడిసి ముద్దయ్యారు. చట్నీ అన్నాయన పరుగున వెళ్లి మిఠాయి తెచ్చాడు. దండ వేద్దామని అందరూ సుభాన్ కోసం వెతికారు.

అతను గదిలో గోడవైపు తిరిగి కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. సంతోషం పట్టలేక ఏడుస్తున్నాడని అంతా గుమ్మంలోంచే వెనక్కి తగ్గారు.

మాబూబీ గ్లాసులో ఆ బురదనీళ్లే పట్టుకుని లోపలికి వచ్చింది. ఆమె కూడా ఏడుస్తూనే ఉంది. అతని పక్కన కూలబడి, కుడి అరచెయ్యి తీసుకుని కళ్లకద్దుకుంది.

"చూసినవా? నీ చెయ్యి తప్పలే. మన చేన్ల నీళ్లే లేకుండె, గంతే. బిడ్డ నీ వల్ల పోలే. ఇగనన్న కడుపునిండ తినయ్యా."

సుభాన్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"రహమాన్ చేన్ల కాయ దానంతట అదే లేస్తుండె మాబూ, ఈడ నీ మొఖం చూడలేక బొటనవేలుతోని నేనే లేపిన."