ఎనిమిదో అంకె తర్వాత

కాస్త ఆగండి. లోపలి గదిలోంచి చప్పుడు వస్తోంది, మీకూ వినిపిస్తోందా?

తిరువూరు చివర, మామిడితోట పక్కన మా ఇల్లు. ఈ రాత్రి ఇంట్లో నేనూ తమ్ముడు డానీ మాత్రమే. మూసిన గది తలుపు వెనక నుంచి, "ఆడదామా అక్కా?" అన్నాడు. అది మా పాత ఆట. ఒకరి తర్వాత ఒకరం చివర ఒక్కో అంకె చేర్చుకుంటూ పోవాలి. ప్రతిసారీ ప్రధాన సంఖ్యే రావాలి, అంటే ఒకటీ, తనూ తప్ప దాన్ని ఇంకేదీ భాగించకూడదు. అంకె దొరకనివాళ్లు ఓడినట్టు. వాళ్లే చీకట్లోకెళ్లి తోటలో మోటారు ఆపాలి.

వాడు ఏడు అన్నాడు, నేను మూడు. వాడు తొమ్మిది, నేను మూడు. 73939 దాటాక నేను ఫోనులో సరిచూసుకుంటున్నాను. వాడు మాత్రం అసలు తడుముకోవడం లేదు.

"ఒరేయ్, పన్నెండో ఎక్కం రానోడివి, ఎలా చెప్తున్నావురా?"

"ముందు నీ అంకె చెప్పక్కా."

వాడి ఫోను నా పక్కనే ఛార్జింగులో ఉంది.

నేను చివరి మూడు వేశాక 73939133 అయింది. దాని పక్కన ఏ అంకె పెట్టినా ప్రధాన సంఖ్య రాదు. పది అంకెలూ వేసి చూశాను.

"ఓడిపోయావురా!" అని అరిచాను.

వీధి తలుపు ఎవరో కొట్టారు. డానీ గొంతే. "తియ్యక్కా, మోటారు ఆపేసి వచ్చా. ఎవరితో మాట్లాడుతున్నావు?"

ఆ తలుపు గడియ నేనే పెట్టాను. అప్పుడు వాడు లోపలున్నాడా, బయటున్నాడా? గుర్తు రావడం లేదు.

లోపలి గదిలో మంచం కిర్రుమంది. "ఓడిపోయా కదక్కా, బయటికొస్తున్నా."

రెండు గడియలూ నా వైపే ఉన్నాయి. మీరైతే ఏది తీస్తారు, ఏది వేస్తారు?