ఏడు రోజుల రెక్కలు

జూన్ 14, పొద్దున తొమ్మిది.

అబ్బాయీ, నా పట్టుగూళ్ళ బుట్ట చెత్తలో పారేసి నువ్వు ఊరెళ్ళి ఇవాళ్టికి నాలుగు రోజులు. నువ్వొచ్చి తప్పు ఒప్పుకునేదాకా మంచినీళ్ళు తప్ప ముట్టనన్నాను, ఈ పొద్దుటిదాకా ముట్టలేదు. ఈ కార్డు రాస్తున్నది నీ కూతురి కోసం.

తను దాచిన ఒక్క గూట్లోంచి ఆరోజే పట్టుచిలుక బయటికొచ్చింది. పసుపు రెక్కల మీద కళ్ళలాంటి మచ్చలు నాలుగు. పిల్ల రోజూ తేనె పెడుతోంది, అది తాగదు.

"పిచ్చిదానా, దానికి నోరుండదు. పురుగుగా ముప్పై ఆరు రోజులు తిన్నదే ఆధారం. రెక్కలొచ్చాక బతికేది ఏడు రోజులే" అన్నాను.

పిల్ల వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. తేనె చెంచా నా పెదవులకు ఆనించింది.

"నీకు నోరుందిగా నానమ్మా! నీకూ ఇంకా మూడు రోజులేనా?"

మింగాను.

ఇక జరగాల్సినవి:
1. పదింటికి నేను అన్నం తినాలి. పిల్ల కాపలా కూర్చుంది.
2. మూడు రోజుల్లోగా నువ్వొచ్చి ఆ రెక్కలు చూడాలి.
3. మనిద్దరం పిల్ల దగ్గర తప్పు ఒప్పుకోవాలి. పస్తుండి భయపెట్టినందుకు నేను ఒప్పుకున్నాను. నీ వంతు మిగిలింది.