ఆగిపోయిన మనవి

రొట్టె పళ్ళెం ఇంకా రెండు వరుసల అవతల ఉండగానే సారవ్వ చాప మీది నుంచి లేచింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని, ఎవరి మొహమూ చూడకుండా చర్చి బయటికి నడిచింది. "ఎవరికైనా అన్యాయం చేసినవాళ్ళు ముందు వెళ్ళి సమాధానపడి రండి. ఆ తర్వాతే ప్రభువు బల్ల దగ్గరికి రండి" అని పాస్టరయ్య అన్న మాట ఆమెను కూర్చోనివ్వలేదు.

ఇలా లేచి వెళ్ళిపోవడం వరసగా ఇది నాలుగో నెల. మొదటి నెల కడుపు నొప్పి అంది. రెండో నెల కళ్ళు తిరుగుతున్నాయంది. మూడో నెలకు చెప్పడానికి సాకు కూడా దొరకలేదు. బాప్తిస్మం తీసుకోక ముందు అబద్ధం ఆమెకు మంచినీళ్ళు తాగినంత సులువు. ఇప్పుడు చిన్న మాట తప్పితే చాలు, అన్నం సయించదు. దేవుడికి దగ్గరైతే మనసు నిమ్మళమవుతుందని అందరూ అంటారు గానీ, సారవ్వకు మాత్రం ఉన్న కాస్త నిమ్మళమూ పోయింది.

రేకుల వసారాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే వెనకాలే మల్లక్క వచ్చింది.

"ఏందే సారా, ఈ నెల గూడ తీస్కోవా? లోపల అందరు గుసగుసలు పెడ్తున్నరు."

"నువ్వు పో అక్కా. పళ్ళెం నీ దాక వస్తది."

"నిన్నిడిసిపెట్టి నేనెట్ల తీస్కుంట? ఈ చర్చికి నిన్ను పట్టుకొచ్చిందే నేను. నీ కడుపుల ఏదో పెట్టుకున్నవ్. చెప్పు."

చెప్పాలట! నోరెలా వస్తుంది? జ్వరంతో పడి ఉంటే మూడు రోజులు మంచం పక్కనే కూర్చుని ప్రార్థన చేసిన మనిషి ఈ మల్లక్క. చెబితే ఈ ఒక్క అక్కా దూరమవుతుంది. చెప్పకపోతే దేవుడు దూరమవుతాడు. సారవ్వకు ఏడుపు ముంచుకొచ్చింది.

ఆమెకున్న ధైర్యం ఒక్కటే. ప్రతి బుధవారం కూడికలో మల్లక్క ఒకే మనవి చెప్పుకునేది. "ఒక్క మనిషిని మాఫ్ చెయ్యలేకపోతున్న. నా కోసం ప్రార్థన చెయ్యున్రి" అనేది. ఆ మనిషి పేరు మాత్రం ఏనాడూ చెప్పలేదు. విన్నప్పుడల్లా సారవ్వ గుండె గుభేలుమనేది. పోయిన ఎండాకాలం నుంచి ఆ మనవి ఆగిపోయింది. అంటే మాఫ్ చేసేసినట్టే కదా! అవును, చేసేసినట్టే.

ఊరి పక్క ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగింది. సారవ్వ ఒక్కసారిగా మల్లక్క రెండు చేతులూ పట్టేసుకుంది.

"అక్కా, బావ నౌకరి పోయింది గదా..."

"పదకొండేండ్ల కిందటి ముచ్చట గిప్పుడెందుకే?"

"బావ వేరేటోల్ల పేరు మీద బొగ్గుబాయిల పని చేస్తుండని ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం పోయింది గదా. అది రాసింది నేనే."

నేల అదిరింది. నెత్తి మీద రేకులు దడదడలాడాయి. మల్లక్క మాత్రం కదల్లేదు.

"నువ్వా?"

"నేనే. మీకు కంపెనీ కోటర్ వచ్చింది, మాకు రాలె. కండ్లమంటతోని రాసిన. కోటర్ గుంజుకుంటరు అనుకున్న గని, నౌకరే పోతదనుకోలె. బావ బస్టాండు కాడ ఛాయ్ అమ్ముతుంటె సూడలేక, సుట్టు తిరిగి పోతున్న అక్కా."

"పేరు సంగతి నీకెట్ల తెలుసు? నేనెవలికి చెప్పలె."

"నువ్వే చెప్పినవ్. నల్లా కాడ. ఆ పొద్దు బావ మీద కోపంతోని ఉన్నవ్, నోరు జారినవ్. నీకు యాదికి లేదు."

మల్లక్క చేతులు విడిపించుకుని గోడకు ఆనుకుంది. నాలుగు దెబ్బలు వేసినా బాగుండునని సారవ్వకు అనిపించింది.

"మల్లొక్కసారి చెప్పు సారా. నువ్వొక్కదానివేనా? ఇంకెవలన్న నీతోని రాయిపిచ్చిన్రా?"

"ఎవలు లేరక్కా. నేనొక్కదాన్నే. ప్రభువు సూస్తుండు."

మల్లక్క మెల్లగా ఆమె తల మీద చెయ్యి పెట్టింది.

"మాఫ్ చేసిన. పో, లోపలికి పో. జల్ది పోయి రొట్టె తీస్కో."

హమ్మయ్య! పదకొండేళ్ళ బరువు ఒక్క మాటతో దిగిపోయింది. సారవ్వ పరుగులాంటి నడకతో లోపలికి వెళ్ళి చాప మీద కూలబడింది. పాస్టరయ్య ఆమె కోసం పళ్ళెం వెనక్కి తెచ్చాడు. రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుపులో కూడా ఇంత సంతోషం ఉంటుందని ఆమెకు ఏనాడూ తెలియదు. కళ్ళు తుడుచుకుని పక్కకు చూస్తే మల్లక్క చోటు ఖాళీగా ఉంది.

మళ్ళీ బయటికి ఉరికింది. మల్లక్క మెట్టు మీద కూర్చుని ఉంది. ఒక కాలికి చెప్పు వేసుకుంది, రెండోది చేతిలోనే ఉండిపోయింది.

"రా అక్కా! పాస్టరయ్య నీ కోసమే ఆగిండు. మాఫ్ చేసిన నువ్వే తీస్కోకుంటె ఎట్ల?"

"నేనెట్ల తీస్కుంటనే," అంది మల్లక్క, ఎటో చూస్తూ. "ఆ పేరు సంగతి మా తమ్ముడు ఉపేందర్ ఒక్కనికే ఎరుక అనుకున్న. పదకొండేండ్లు వానితోని మాట్లాడలె. పోయిన ఎండకాలం వాడు సచ్చిపోతె, ఆఖరి సూపుకు గూడ పోలె."