నవ్వుకు అడ్డం చెయ్యి

పిచ్చుకా,

మీవాడన్న ఒక్క మాటతో నీ జీవితం అయిపోయిందని గదిలోంచి అరిచావు. అది తప్పు. జీవితం అయిపోదు, చేతికి పని పెరుగుతుంది, అంతే. మూడు రోజులుగా తలుపు తియ్యడం లేదు కనక, ఈ కార్డు కిందనుంచి తోస్తున్నాను.

పదహారేళ్లప్పుడు నేను మనసుపడ్డ కుర్రాడు, "నువ్వు నవ్వితే అచ్చం గుర్రం సకిలించినట్టుంటుంది" అన్నాడు. ఆ రోజే వాడితో మాట మానేశాను. యాభైనాలుగేళ్లుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వుతున్నాను. అది పంటినొప్పి అనుకుని మీ తాతయ్య నన్ను రెండుసార్లు పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు.

నిన్న కంటి ఆసుపత్రిలో నా పక్కన కూర్చున్న బట్టతలాయన ఆ కుర్రాడేనని తేలింది. ఇక ఊరుకుంటానా? ఎందుకన్నావని నిలదీశాను.

ఆయన తెల్లబోయాడు. "మా నాన్న గుర్రాల డాక్టరు కదా! నాకు అంతకన్నా అందమైన చప్పుడు తెలీదు. మెచ్చుకుంటే మొహం తిప్పుకుని పోయావు. ఆ భయంతో మా ఆవిడని ఇప్పటిదాకా ఒక్కసారీ మెచ్చుకోలేదు, మహాతల్లీ!"

రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని నవ్వాను. ఎవరికేమైందోనని నర్సు పరుగెత్తుకొచ్చింది.

ఆ హడావిడిలో ఆయన కంటిచుక్కల మందు నా సంచిలోకి వచ్చేసింది. ఫ్రిజ్‌లో పెట్టాను, దాంతో ఉన్న మందుల చీటీ మీద ఆయన చిరునామా ఉంది. వెళ్లి ఇచ్చిరా. మీవాడి ఇల్లు దారిలోనే. ఆగి, అన్న మాటకు అర్థమేమిటో వాణ్ణే అడుగు. మందు వేడెక్కకూడదట, కాబట్టి వాడికి ఐదు నిమిషాలకు మించి ఇవ్వకు.