వాలులో టిక్కుటిక్కు

వాలు కనిపిస్తే చాలు, అన్నయ్య తొక్కడం మానేసి సైకిల్ మీద జారిపోయేవాడు. వెనకచక్రంలో ఫ్రీవీల్ టిక్కుటిక్కుమనేది. మళ్లీ తొక్కితేనే ఆ చప్పుడు ఆగేది. అలా జారుతూనే ఒకరోజు మలుపు దగ్గర లారీ కింద పడి చనిపోయాడు.

"ఆయన బండి జోలికి పోకు మరిదీ, నీకు పుణ్యముంటుంది" అంది వదిన.

మెకానిక్కుని, చేతులు ఊరుకోలేదు. ఫ్రీవీల్ విప్పేసి, చక్రంతోపాటే పెడళ్లూ తిరిగేలా బిగించాను. కాళ్లు బిగబడితే బండి అదే ఆగుతుందని బ్రేకులూ పీకేశాను.

చీకటి పడ్డాక గొలుసుకి నూనె పెట్టి, అదే వాలు దిగాను. సగం దారిలో నా కింద టిక్కుటిక్కు మొదలైంది. విప్పిన ఫ్రీవీల్ ఇంట్లో బల్లమీదే ఉంది.

కాళ్లు బిగబట్టాను. పెడళ్లు లొంగలేదు.

"అన్నయ్యా, ఆపు!"

మలుపు దగ్గర టిక్కుటిక్కు ఆగింది.

అన్నయ్య తొక్కడం మొదలుపెట్టాడు.