మామగారి ఆకు

మూడో గంట కొలత కూడా దెబ్బకొట్టింది. ల్యాబులో కోడలు, సూదిమందుతో వాపు తెప్పించిన ఎలుక పాదాన్ని మడమ దాకా గాజు గొట్టంలో ముంచి, నీరు ఎంత పైకొచ్చిందో మళ్లీ చూసింది. వాపు ఎక్కడిదక్కడే ఉంది. ఆకు సారం తాగించిన ఎలుకలకీ, ఉత్త నీళ్లు తాగించిన ఎలుకలకీ వెంట్రుకవాసి తేడా లేదు.

కిందటి నెల ఇదే ఆకు వాపును సగానికి సగం దించేసింది. ఆ అంకెలు చూసి ప్రొఫెసర్ పొంగిపోయి పరిశోధన పత్రికకు వ్యాసం పంపించాడు. ఇంకోసారి చేసి చూపించమన్నారు వాళ్లు. సోమవారమే గడువు.

ప్రొఫెసర్ కొత్త కాగితాన్నీ పాత కాగితాన్నీ పక్కపక్కన పెట్టాడు. "మొదటిసారి అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయమ్మా?" అన్నాడు మెల్లగా. అరిచినా బాగుండేదనిపించింది ఆమెకు.

ఇంటికొచ్చి కాలుగాలిన పిల్లిలా తిరిగింది. కూర్చోలేదు, బ్యాగు భుజం మీంచి దించలేదు. కీళ్ల వాపులకు ముప్పై ఏళ్లుగా ఆ ఆకు పొడి ఇస్తున్న మామగారు సంగతంతా విని, ఈసారి ఆకు ఎవరు కోశారని అడిగాడు. మొదటిసారి ఇంట్లో పొడే పట్టుకెళ్లానని, ఈసారి పత్రికవాళ్ల షరతు ప్రకారం తానే కోసి, ఆరబెట్టి, ల్యాబులోనే పొడి చేశానని చెప్పింది.

ఆయన ముఖం చిన్నబోయింది. "ముదురాకు కోసుంటావు. నా పొడి వాడి లేచి నడవనివాడు లేడమ్మా," అని కత్తెర తీసుకుని పెరట్లోకి వెళ్లాడు.

వంటింటి గుమ్మంలో కూలబడింది. తన చదువు పోతే పోయింది, ఆయన పరువు కూడా తీసేలా ఉన్నానని అత్తగారి దగ్గర బావురుమంది.

అత్తగారు మిక్సీ ఆపింది. పెరటివైపు ఓసారి చూసి, తలుపు దగ్గరగా వేసి, కోడలి పక్కన చతికిలబడింది.

"నీ అంకెలు అబద్ధం కాదే. ఆయనకు మాత్రం చెప్పకు. పొడి కొట్టేటప్పుడల్లా మందుల షాపు నొప్పి మాత్రలు ఓ గుప్పెడు అందులో కలిపేది నేనే."